కప్పు కింద మనిషి

పరంజా మీదున్న ఇంజినీరమ్మ కిందికి చూసి ఉలిక్కిపడింది.

ఆ ముసలాయన మళ్లీ వచ్చాడు. సరిగ్గా ఆమె కిందే నిలబడి, రెప్ప వాల్చకుండా పైకి చూస్తున్నాడు.

యుద్ధం రోజుల్లో విమానాలు దాచిన షెడ్డు అది. గోడల నిండా తూటాల గుంతలు. శత్రువు కంటికి ఆనకుండా రేకులకు పూసిన ఆకుపచ్చ రంగు ఇంకా పూర్తిగా పోలేదు. దాన్ని కూల్చకుండా కాపాడాలంటే, కప్పును మోసే చెక్క దూలాలకు ఇంకా బలముందని ఆమె తేల్చాలి. ఇదివరకు ఎవరో ఈ పని మొదలుపెట్టి, సగంలో ఆపేశారట.

ఆమె పక్కకు జరిగింది.

కింద ఆయనా జరిగాడు.



"ఎవరు మీరు? ఏం కావాలి?"

 ఆయన చేతులు కాస్త ముందుకు చాచాడు, అంతే.

ఆమె గబగబా దిగి వాచ్‌మన్ దగ్గరికి పరుగెత్తింది.

"రోజూ ఇదే వరస! కళ్లు మూసుకుంటే ఆ చూపే. లోపలికి ఎలా వదిలావు?"

"గోడకు అన్నీ కంతలేనమ్మా, ఎటునుంచి దూరతాడో! నేనూ కొత్తే. పిచ్చోడనుకుంటా. నిన్న బయటికి లాగితే చంటిపిల్లాడిలా ఏడ్చాడు."

"ఏడిస్తే ఏడవనీ. ఈసారి కనిపిస్తే పోలీసులే."

వాచ్‌మన్ ఆయన్ని గేటు దాటించాడు.

మర్నాడు ఆయన జాడ లేదు. ఆమె ప్రాణం కుదుటపడింది. ధైర్యంగా చివరి దూలం దాకా వెళ్లింది.

కాలికింది పలక ఫెళ్లున విరిగింది.

నడుముకున్న తాడు ఒక్క క్షణం ఆపింది. రేకు అంచుకు కోసుకుని, అదీ తెగింది.

కేక పెట్టేలోపే కింద పడింది. ఎముకలు విరిగిన చప్పుడు వినిపించింది. అవి ఆమెవి కావు.

ఆమె కింద ముసలాయన ఉన్నాడు.

"దెబ్బ తగిలిందా తల్లీ?"

ఆయన గొంతు వినడం ఆమెకు అదే మొదటిసారి.

"లేదు... లేదు బాబాయ్..."

ఆ మాట వినడానికి ఆయన లేడు.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో ఆయన భార్య వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, మెల్లగా అడిగింది.

"మిమ్మల్ని భయపెట్టారా అమ్మా?"

ఇంజినీరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వద్దంటే వినేవారు కాదు. మీకు ముందు ఆ కప్పు బాగుచెయ్యడానికి ఎక్కింది మా అమ్మాయేనమ్మా. అది జారిపడ్డప్పుడు, దానికి అన్నం తీసుకెళ్లిన ఈయన గుమ్మంలోనే ఉన్నారు, అందుకోలేకపోయారు."