నాలుగో కుర్చీ

"ఇంజన్ ఆపండి సార్."

లియో వాస్కో కారు అద్దం దించి, ఎవరో చూసి నవ్వాడు. "సారేంట్రా డెనీ? మీ అమ్మ పెళ్ళిలో అకార్డియన్ వాయించింది నేనే."

డెనీ యర్చాక్ నవ్వలేదు. పద్నాలుగేళ్ళుగా ఒక్క ప్రమోషనూ లేకుండా స్లేట్‌ఫోర్క్‌లో గస్తీ తిరిగే పోలీసు అతను. "లైసెన్సు, బండి కాగితాలు ఇవ్వండి. తాళం కూడా."

"మూడున్నరైంది. నాలుగింటికి మీటింగు. తెలుసుగా?"

తెలియకేం. స్లేట్‌ఫోర్క్ పోలీసుల్నీ పక్కనున్న పెద్ద ఊరు కార్వర్టన్ పోలీసుల్నీ కలిపేశారు. రెంటినీ నడిపే బోర్డులో మూడు కుర్చీలు మావి, ఒకటి మీది అన్నారు కార్వర్టన్ వాళ్ళు. లియో ఎనిమిది నెలలు కొట్లాడి రెండుకి రెండు చేయించాడు. ఆ నాలుగో కుర్చీ తనదే. ఇవాళ మొదటి ఓటు. స్లేట్‌ఫోర్క్ స్టేషన్ మూసెయ్యాలా, వద్దా? చెరి రెండు పడితే మూయడానికి వీల్లేదు.

"నేను లేకపోతే రెండుకి ఒకటిరా. స్టేషనుతో పాటు నీ ఉద్యోగమూ పోతుంది."

డెనీ కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు. వెనకాల కార్వర్టన్ పోలీసు బండి వచ్చి ఆగింది. ఎవరూ దిగలేదు. వైపర్లు మాత్రం మంచుని అటూ ఇటూ తోస్తున్నాయి.

లియో గొంతు తగ్గించాడు. "వాళ్ళు నిన్ను బెదిరించారా? నోరు విప్పకు. అవునైతే ఒక్కసారి దగ్గు, చాలు."

డెనీ వెనక బండి వైపు చూశాడు. మెల్లగా దగ్గాడు.

"అనుకున్నా. పిల్లలున్నవాడివి, నీ తప్పు లేదు. ఆ తాళం ఇలా పడెయ్. నేనెళ్ళి ఓటేస్తే నిన్నెవడూ కదపలేడు."

డెనీ తాళం జేబులో వేసుకున్నాడు.

లియో సెల్‌ఫోను కోసం కోటులో చెయ్యి పెట్టాడు.

"చేతులు స్టీరింగ్ మీద పెట్టండి సార్." డెనీ చెయ్యి తుపాకీ మీద ఉంది.

లియో చేతులు స్టీరింగ్ మీదికి వచ్చాయి. కారులో గడియారం నాలుగు దాటింది. నాలుగుంపావు అయింది. అద్దం మీద మంచు పేరుకుని రోడ్డు కనబడ్డం మానేసింది.

"భయపడకురా డెనీ," అన్నాడు లియో. "రేపు ఊరందరికీ నేను చెబుతా, నీతో బలవంతంగా చేయించారని."

అప్పుడు డెనీ భుజం మీది వైర్‌లెస్ గరగరలాడింది.

"ఓటింగ్ అయిపోయింది, కెప్టెన్ యర్చాక్ గారూ. ముసలాయన్ని ఇక పంపించెయ్యండి."