ఉంటాను మరి

నీళ్ళకూ తలుపులకూ నోళ్ళొచ్చాక, ఎక్కడ కయాక్ పడవ దింపాలన్నా ముందు ఆ నీళ్ళకే ఫోన్ చేసి అడగాల్సి వస్తోంది. శనివారం కొల్లేట్లో, ఆదివారం పేరుపాలెం సముద్రంలో తెడ్డు వెయ్యాలని భీమవరం హైమావతి ముచ్చట. అరుగు మీద కూర్చుని ముందు కొల్లేటికి ఫోన్ చేసింది.

"రండమ్మా. పొద్దున్నే అయితే పక్షులు కూడా కనబడతాయి," అంది సరస్సు.

"సంతోషమండి. ఉంటాను మరి," అని హైమావతి ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్ళబోయింది. వీధి తలుపు తెరుచుకోలేదు.

"మీ చిరునామా కొల్లేటికి మారింది," అంది తలుపు.

భర్త వరాహమూర్తి కిటికీలోంచి తల బాదుకున్నాడు. "ఉంటానన్నావుగా, ఉంచేసుకుంది! సముద్రంతోనైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడవే."

ఈసారి ఆమె ఆచితూచి మాట్లాడింది. ఏడింటికి నీళ్ళలో దిగడం, పదింటికి ఒడ్డెక్కడం ఖాయం చేసుకుంది. చివర్లో నాలిక మీదికొచ్చిన 'ఉంటాను'ని మింగేసి, "ఇక వెళ్తానండి," అంది.

అవతల ఓ అల విరిగిన చప్పుడు.

"వెళ్ళొస్తాననలేదు కదమ్మా. సరే, మీ ఇష్టం. పదింటికి ఒడ్డెక్కడం కొట్టేశాను."