అయిదు వేల లోడు

“సంతకం తర్వాత. ముందుగాల బ్యాటరీలు చూడనియ్యి” అంటూ వీరేశం తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

కోకాపేటలో లేస్తున్న టవర్ల వెనక, కూలీల రేకుల షెడ్ల మధ్య ఉన్న చిన్న దవాఖాన అది. కరెంటు లైను రాలేదు. కప్పు మీద సోలార్ పలకలు, గదిలో పొద్దున దిగిన నాలుగు కొత్త బ్యాటరీలు, అంతే ఆధారం. పొద్దు వాలితే టీకాల ఫ్రిజ్ వాటి మీదే నడవాలి. అరవైమంది పసిపిల్లల టీకాలు నర్సు పుణ్యవతి ఒళ్లో, ఐసుపెట్టెలో ఉన్నాయి. ఆ ఐసు చీకటి పడేదాకా ఆగేలా లేదు.

“చూడ్డానికేముందండీ? లోడ్ టెస్ట్ పాసయింది. ఇదిగో రిపోర్టు” అన్నాడు సోలార్ కంపెనీ నుంచి వచ్చిన అవినాష్. ఫోనులో కంపెనీ యాప్ తెరిచి, బ్యాటరీ బొమ్మ పక్కన ఆకుపచ్చ టిక్కు కూడా చూపించాడు.

“ఉత్త చేతులతోని ఎవడైన ఉరుకుతడు తమ్మీ. నెత్తి మీద మూట పెడితె గద మెడ బలం తెలిసేది.” వీరేశం బ్యాటరీల ముందు గొంతుక్కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుగా తీగలతో బతుకుతున్న ఎలక్ట్రీషియన్, దవాఖాన తరఫున సరుకు చూసుకుని సంతకం పెట్టాల్సినవాడు. “గీ ఎర్ర టోపీలు గూడ ఊడదియ్యలే. తీగ బిగించకుండ లోడెట్ల పెట్టిన్రు? మంత్రమేసిన్రా?”

పుణ్యవతి ముఖం మారింది. “నిజం చెప్పు బాబూ. పసిపిల్లల సంగతిది.”

“నా కళ్లతో చూశానండీ! మా రాయదుర్గం ఆఫీసులో మూడు గంటలు పెట్టారు. అయిదు వేల లోడు తట్టుకుంది.”

“అయిదు వేలా! మూడు గంటలా! వేడెక్కలే?”

“ఏసీ గది కదండీ.”

“నడుమల బందు కాలే?”

“ఒక్కసారి కూడా పడిపోలేదండీ. చప్పట్లు కొట్టి కేకు కోశాం.”

“బ్యాటరీకి కేకు కోసుడు నేనెన్నడు ఇనలే” అన్నాడు వీరేశం. “సరే, ఈడ్నే రెండు హీటర్లు తగిలించి జర సేపు చూద్దాం.”

“వద్దండీ! టోపీలు మేం తప్ప ఎవరు తీసినా వారంటీ పోతుంది.”

“దాల్ల ఏందో నల్లగుంది సిస్టరమ్మా, ఏందో దాస్తున్నడు!”

అవినాష్ ముఖం కందిపోయింది. ఉద్యోగంలో చేరి రెండు నెలలైనా కాలేదు. “నన్ను దొంగను చేస్తారేంటండీ? టెస్టు చేసిన మేడంనే అడగండి” అంటూ రసజ్ఞకు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

“చేసింది నేనేనండీ. పక్కా అయిదు వేలు! కావాలంటే వీడియో పంపుతాను” అంది రసజ్ఞ.

ఆ గొంతులో తడబాటు లేదు. వీరేశం తగ్గాడు. పుణ్యవతి హమ్మయ్య అనుకుని, ఐసుపెట్టెతో ఫ్రిజ్ దగ్గరికి నడిచి దాని మూత మీద చెయ్యి వేసింది.

“ఇగ ఒక్క మాట బిడ్డా” అన్నాడు వీరేశం ఫోనులో రసజ్ఞతో, సంతకానికి కలం అందుకుంటూ. “అయిదు వేలంటే వాట్లే గద?”

“వాట్లేంటండీ? మనుషులు! అయిదు వేలమంది ఒక్కసారే తెరిచినా మా యాప్ పడిపోలేదు.”