సేఠ్ వస్తున్నాడు

“ఇయ్యాల గోల్ గొట్టకుంటే బిడ్డను వాపస్ పంపిస్తరట! నీకేమో మగ్గం ఇడిసి రాబుద్ధయితలేదు!”

మంగ గొంతు చించుకుని అరిచింది. సోమలింగానికి ఒక్క ముక్క వినబడలేదు. సూరత్‌లో ఖటోదరాలోని ఆ షెడ్డులో పవర్‌లూమ్‌లన్నీ ఒక్కసారిగా మోగుతుంటే పక్కన పిడుగు పడినా తెలియదు. అతను గోడ గడియారం చూపించాడు, తలుపు చూపించాడు, రెండు చేతులూ గాల్లో తిప్పాడు. రాత్రి డ్యూటీ వాడు ఇంకా రాలేదు, మగ్గాలు ఎవరికి అప్పజెప్పి రావాలి అని దానర్థం. అక్కడ నోటికి పనిలేదు. తెలుగువాళ్లయినా, ఒడియావాళ్లయినా, బీహారువాళ్లయినా సైగలతోనే బతుకు వెళ్లదీయాలి.

మంగ ఇక ఆగలేదు. కొంగుచాటు నుంచి ఫోన్ తీసి మొగుడి ముక్కు ముందు పెట్టింది.

తెర మీద క్రొయేషియాలో ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది. ఎర్ర చొక్కాల జట్టులో ముందు నిలబడి ఆడే అమ్మాయి వాళ్ల తేజశ్రీయే. దారం అయిపోయిన బాబిన్లను తన్నుకుంటూ ఆ షెడ్డులోనే, ఆ సైగల మధ్యే పెరిగిన పిల్ల. కాళ్లలో సత్తువకేం లోటు లేదు. చిక్కల్లా మాటలతోనే. వాళ్ల భాష ఈమెకు రాదు, ఈమె భాష వాళ్లకు రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతే. బంతి ఇమ్మని అరిచినా ఎవరికీ అర్థం కాదు, ఇవ్వరు. ఈ సీజన్‌కిది చివరి మ్యాచ్. గోల్ కొడితే ఇంకో ఏడాది ఉంచుతానన్నాడు కోచ్. లేకపోతే సూరత్‌కు టికెట్టే.

ఇంకా పది నిమిషాలే ఉంది. ఇటూ గోల్ లేదు, అటూ లేదు.

అంతలో పక్క మగ్గం దగ్గరున్న గంజాం ఒడియావాడు సీమాంచల్ ఎడమ చెయ్యి నెత్తిన పెట్టుకుని, కుడి చేత్తో పొట్ట మీద మూడుసార్లు తట్టుకున్నాడు. బట్టతలకు ఒక చెయ్యి, బొజ్జకు ఒక చెయ్యి. సేఠ్ వస్తున్నాడు! ఆ సైగ షెడ్డులో ఆ చివరి నుంచి ఈ చివరికి క్షణంలో పాకింది. బీడీలు ఆరిపోయాయి, కునుకులు ఎగిరిపోయాయి. ఎన్నేళ్లయినా దాని అర్థం తెలియనివాడు ఆ షెడ్డులో సేఠ్ ఒక్కడే.

మంగ ఫోన్ దాచేలోపే జయంతీభాయ్ సేఠ్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మగ్గాల దగ్గర ఫోన్ కనబడితే ఆయన మండిపడతాడు. చెయ్యి చాచాడు.

మంగ ఫోన్ ఇచ్చి, తెర మీద ఎర్ర చొక్కాను వేలితో చూపించింది. తర్వాత తన కడుపు మీద చెయ్యి వేసుకుంది. నా కడుపున పుట్టిన పిల్ల అని.

సేఠ్ కళ్లద్దాలు పైకి తోసుకుని తెరలోకి చూశాడు. మళ్లీ చూశాడు. బాబిన్ల డబ్బా ఒకటి లాక్కుని దాని మీద కూలబడ్డాడు. కాసేపటికి ఫోన్ చెవికి ఆనించి విసుక్కున్నాడు. ఏమీ వినబడడం లేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పని షెడ్డులో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. లేచి వెళ్లి మెయిన్ స్విచ్ దించేశాడు.

కరెంటు పోతే తప్ప ఆగని మగ్గాలు ఆగిపోయాయి. జనమంతా ఫోన్ చుట్టూ మూగారు.

“దగ్గరికి రా బిడ్డా, జర దగ్గరికి రా!” అంటోంది మంగ, తెరలోని పిల్లకు వినబడుతుందన్నట్టు.

“అరువు తల్లీ, గట్టిగ అడుగు బాల్‌ని!” అన్నాడు సోమలింగం.

తేజశ్రీ అరవలేదు. ఎడమ పక్క మూలన ఒక్కతే పరుగెడుతోంది. నడిమధ్యలో ఉన్న బంగారు జుట్టు కెప్టెన్ ఒక్కసారి తలెత్తి చూసింది. చూసి, బంతిని సరిగ్గా తేజశ్రీ కాళ్ల ముందుకు కొట్టింది. తేజశ్రీ ఆగనైనా ఆగకుండా తన్నింది.

గోల్!

సీమాంచల్ సోమలింగాన్ని అమాంతం ఎత్తేశాడు. మంగ సేఠ్ భుజం పట్టుకుని ఊపేసి, నాలుక కరుచుకుంది. సేఠ్ పట్టించుకోలేదు, ఆయన కూడా ఎగురుతున్నాడు. ఆట ముగిసిన విజిల్ ఈ గోలలో ఎవరికీ వినబడనే లేదు.

“ఇంకో ఏడాది! నా బిడ్డ ఇంకో ఏడాది ఆడతది!” సోమలింగం సిగ్గుపడకుండా ఏడ్చేశాడు. అంత సంతోషం అతనికి ఎన్నడూ కలగలేదు.

“సబ్ కో చాయ్! సబ్ కో లోచో!” అని అందరికీ చాయ్, శనగపిండి లోచో తెప్పించమని కేకేశాడు సేఠ్. అంతలోనే అనుమానం వచ్చింది, పిల్ల బంతి అడగనే లేదు, ఆ కెప్టెన్‌కెలా తెలిసిందని. “అరే సోమలింగం, తేరీ బేటీ నే బాల్ మాంగా భీ నహీ. ఉస్ కో కైసే పతా చలా?”

“అదే సమజైతలేదు సేఠ్,” అన్నాడు సోమలింగం, ఆనందంలో హిందీ మరిచిపోయి.

తెర మీద అమ్మాయిలంతా నీళ్లు చల్లుకుంటూ, గడ్డిలో దొర్లుతూ అల్లరి చేస్తున్నారు. వాళ్ల వెనక నుంచి, ఒత్తయిన జుట్టుతో రివటలా ఉన్న కోచ్ నడిచి వస్తున్నాడు.

అతన్ని ముందుగా చూసింది బంగారు జుట్టు కెప్టెనే. గబుక్కున జట్టు వైపు తిరిగి, ఎడమ చెయ్యి నెత్తిన పెట్టుకుని, కుడి చేత్తో పొట్ట మీద మూడుసార్లు తట్టుకుంది.