గ్లాసెడు నల్లా నీళ్లు

“తాగు సాబ్! గట్ల చూస్తవేంది? మా పిల్లలు రోజూ తాగే నీళ్లే గదా!”

రాబియా స్టీలు గ్లాసును ఆయన ముక్కు కిందికి తోసింది. కిషన్‌బాగ్‌లో ఆ ఇరుకు గల్లీ అంతా ఆమె గడప ముందే నిలబడి ఉంది. నల్లా పక్కనే మురుగు పారే మోరీ. మోరీలో పారే రంగే నల్లాలోనూ పారుతోంది. ఇంటికొకరు వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. రాబియా మనవరాలు హిబా హాస్పిటల్లో సెలైన్ మీద ఉంది.

నల్లాలో మోరీ నీళ్లు కలుస్తున్నాయని హెల్త్ ఆఫీసర్ ఒప్పుకుంటేనే కొత్త పైపు పడుతుంది. ఒప్పుకోకపోతే హిబా బతికొచ్చినా మళ్లీ ఇవే నీళ్లు తాగాలి. అంతే సంగతి. అందుకే రాబియా ఆఫీసు గేటు ముందు కూర్చుని గొంతు చించుకుంది. “మంచి నీళ్లయితే మీ ఆఫీసరే వచ్చి మా ముందట తాగాలె!”

ఇవాళ ఆఫీసరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఇన్‌షర్టు. గల్లీలోకి కారు పట్టదని రోడ్డు మీదే ఆపి, డ్రైవర్ వెంట నడిచొచ్చాడు. వచ్చినప్పటి నుంచి నోరు విప్పలేదు. మాటలన్నీ డ్రైవరే మాట్లాడుతున్నాడు.

“సారుకు గొంతు బాగలేదు. నేను చెప్తున్న గదా, టెస్టులు అయినయి. ఫికర్ లేదు.”

“మాట్లాడనీకి గొంతు లేకపోతే పాయె. తాగనీకి ఏమైంది?” అన్నాడు ఎదురింటి దర్జీ అజ్మత్ అలీ.

జనం గొల్లున నవ్వారు. ఆయన మాత్రం తల వంచుకునే ఉన్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. రాబియాకు ఒళ్లు మండింది. పేదోళ్ల కుర్చీలో కూర్చోవడానికి కూడా నామోషీయే వీడికి! గ్లాసు అందుకున్న చేతివంక చూసింది. గోళ్ల సందుల్లో నల్లటి మురికి. థూ, వీడొక హెల్త్ ఆఫీసరు!

“సారు తాగితే ఇగ లొల్లి బంద్ చేస్తరా?” అన్నాడు డ్రైవర్.

“కసమ్! ముందు తాగమను.”

డ్రైవర్ ఫోన్ తీసి, గ్లాసుకు బాగా దగ్గరగా పెట్టి వీడియో మొదలుపెట్టాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు. గటగటా తాగేశాడు. అడుగున చుక్క మిగల్లేదు.

ముందుకు తోసుకొచ్చిన జనం ఒక్కో అడుగు వెనక్కి వేశారు.

“చూసిండ్రు గదా! సారే తాగిండు. నీళ్లు ఫస్ట్‌క్లాస్. పైపు ముచ్చట ఇగ ఎవ్వరూ ఎత్తొద్దు” అని డ్రైవర్ ఆయన్ని తీసుకుని కదిలాడు.

“మంచిగ చేసినవ్ రాబియా ఆపా” అన్నాడు అజ్మత్ అలీ. “తాగడు, తాగడు అంటివి. తాగె, పాయె. ఇగ మన మొఖం ఎవడు చూస్తడు?”

పక్కింటి నౌరీన్ బిందె తెచ్చి నల్లా కింద పెట్టింది.

“ఏయ్, కాచి తాగు!” అంది రాబియా.

“సారే తాగిండు గదా ఆపా. గ్యాసు దండుగ” అని నౌరీన్ చంకలోని పిల్లకు అరచేత్తో తాగించింది.

రాబియా చూడలేకపోయింది. చెంబు నింపుకుని గబగబా గల్లీ చివరికి నడిచింది. ఏం చేయాలో ఆమెకే తెలియదు. ఆయన కాళ్ల మీద పడాలో, మొఖాన పోయాలో.

రోడ్డు మలుపు దగ్గర డ్రైవర్ లేడు, ముందే పోయినట్టున్నాడు. గోడ చాటున ఆయన ఒక్కడే వంగి, గొంతులో వేలు పెట్టుకుని కక్కుతున్నాడు.

“వాహ్ సాబ్!” అంది రాబియా. “మంచి నీళ్లు గదా, ఎందుకు కక్కుతున్నవ్? ఉండు, గల్లీని పిలుస్త!”

ఆయన ఉలిక్కిపడి చేతులు జోడించాడు. మొదటిసారి గొంతు పెగిలింది.

“అరవకమ్మా, నీ కాళ్లు మొక్కుత. నౌకరి పోతది.”

“పోనీ! నీ నౌకరి పోతే నేను మిఠాయి పంచుత.”

“ఇంట్ల చిన్నపిల్ల ఉన్నదమ్మా.”

“నా ఇంట్ల గూడ ఉండె. ఇప్పుడు సూదులు గుచ్చుకుని పండుకున్నది.” చెంబు ముందుకు చాచింది. “నౌకరి కావాల్నా? తాగు. తాగి కక్కకు. నా ముందట నిలబడు.”

ఆయన చెంబు వంక, ఆమె వంక చూశాడు. ఎదురు తిరగలేదు, బెదిరించలేదు. రెండు చేతులతో పట్టుకుని సగం దాకా తాగాడు. దగ్గొచ్చి ఆగితే రాబియా చెంబు అడుగు పట్టి పైకెత్తింది. నీళ్లు గడ్డం మీదుగా కారాయి. కళ్లలోంచీ కారాయి. ఇన్ని రోజులకు ఆమె కడుపు చల్లబడింది. ఇదీ న్యాయమంటే. ఒక్క ఆఫీసరుకైనా మా రుచి తెలిసింది!

కడుపు పట్టుకుని వంగబోయాడు. మెడ పట్టి నిలబెట్టింది.

“ఇప్పుడు చెప్పు సాబ్. నీళ్లెట్లున్నయి?”

ఆయన రోడ్డు వైపు ఒకసారి చూసి, పెదవులు తుడుచుకున్నాడు.

“మంచిగనే ఉన్నయమ్మా.”

రాబియా చేయి లేపింది. అప్పుడే గోడ అవతల ఆగి ఉన్న కారులోంచి డ్రైవర్ కేక వినిపించింది.

“ఒరేయ్ రవీందర్, జల్ది రారా, ఇంకో రెండు గల్లీలల్ల గూడ నువ్వే హెల్త్ ఆఫీసర్‌వి!”