పాత ఫ్రిజ్ దగ్గర మనిషి

"అమ్మమ్మా, ఆ తాత మన వెనకే వస్తున్నాడు."

మనవరాలు చెవిలో గుసగుసలాడేసరికి అమ్మమ్మ గుండె జల్లుమంది.

ఆమెకూ అనుమానంగానే ఉంది. ఆటబొమ్మలు కొనిపెడతానని పిల్లలిద్దర్నీ ఈ పాత సామాను కొట్టుకు తీసుకొచ్చింది. బీరువాల మధ్య మనిషి పట్టీపట్టనంత సందులు. మాసిన కోటు వేసుకున్న ఆ ముసలాయన, వీళ్ళు గడియారాల దగ్గర ఆగితే తనూ ఆగుతున్నాడు. కుర్చీల వైపు మళ్ళితే తనూ మళ్ళుతున్నాడు. కళ్ళు మాత్రం ఐదేళ్ళ మనవడి మీదే. ఇంట్లో వాణ్ణి అందరూ పిడుగు అంటారు. కనిపించిన ప్రతి పెట్టెలోనూ దూరి చూస్తున్నాడు.

"నీకెన్నేళ్ళు బాబూ?" ముసలాయన వంగి అడిగాడు.

అమ్మమ్మ పిల్లాణ్ణి చటుక్కున లాక్కుంది. "ఏం కావాలండీ మీకు?"

"ఏం లేదమ్మా. వీణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండండి."

ఆ మాటకు ఆమె ఒళ్ళు జలదరించింది.

కాసేపటికి చూస్తే, ఆయన మూలనున్న పాత ఫ్రిజ్ ముందు కూర్చుని ఏదో ఊడదీస్తున్నాడు. తీసింది జేబులో వేసుకున్నాడు.

"ఏమండీ! అతనేదో దొంగిలిస్తున్నాడు. పిల్లల వెంట కూడా పడుతున్నాడు!"

కొట్టు యజమాని వచ్చి మెడ పట్టి బయటికి గెంటాడు. ముసలాయన గుమ్మంలో ఒక్కసారి తిరిగి పిల్లాడి వైపు చూసి వెళ్ళిపోయాడు.

అమ్మమ్మ ఊపిరి పీల్చుకుంది. మనవరాలి కోసం కొయ్యగుర్రం బేరమాడింది.

తిరిగి చూస్తే మనవడు లేడు.

"ఒరేయ్ పిడుగూ!"

గడియారాల వెనక తొంగి చూసింది.

"దాక్కున్నది చాలు, రారా కన్నా!"

బీరువాలు తెరిచారు. మంచాల కింద వెతికారు. అమ్మమ్మ గుమ్మం వైపు చెయ్యి చూపించింది.

"వాడే... వాడే ఎత్తుకుపోయాడు! పట్టుకోండి!"

యజమాని పోలీసులకు ఫోన్ కలుపుతుండగా మూల నుంచి దబ్బుమని చప్పుడు. ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది. ముఖం కందిపోయి, చెమటతో ముద్దయిపోయి పిల్లాడు బయటపడ్డాడు.

"తలుపు మూసుకుపోయింది అమ్మమ్మా... అంతా చీకటి... తంతే, తంతే వచ్చింది."

ఆమె వాణ్ణి వాటేసుకుంది.

యజమాని ముఖం పాలిపోయింది. "దీనికి ఇనుప గడియ ఉండాలండీ. అది పడిందంటే లోపల్నుంచి పెద్దవాళ్ళ వల్ల కూడా కాదు."

గడియ ఉండాల్సిన చోట నాలుగు చిల్లులు మాత్రం ఉన్నాయి.

అమ్మమ్మ వీధిలోకి పరుగెత్తింది. అటూ ఇటూ చూసింది. ఆయన జాడ లేదు.

కొట్టు మెట్ల మీద కుర్చీకి రంగు వేస్తున్న వడ్రంగి తలెత్తాడు.

"కోటాయన కోసమా అమ్మా? ఆయన్ని ఏ కొట్లోనూ నిలవనివ్వరు, గడియలు ఊడదీస్తాడని."

"ఎందుకలా?"

వడ్రంగి కుంచె ఆపాడు.

"చాలా ఏళ్ళ కిందట దాగుడుమూతలాడుతూ ఇలాంటి పాత ఫ్రిజ్ లోనే దూరి, మళ్ళీ బయటికి రాలేకపోయిందమ్మా, ఆయన ఒక్కగానొక్క మనవరాలు."