యాభై వాట్లు

"దీన్ని కారెక్కించే ముందు ఒక్క మాట చెప్పు డాక్టరూ. నువ్వు వాయించేచోట డ్రమ్స్ ఉంటాయా?"

తను అమ్మకానికి పెట్టిన యాభై వాట్ల గిటారు యాంప్లిఫయర్ మీంచి చెయ్యి తియ్యకుండానే అడిగాడు గురుమూర్తి.

"ఉండవంకుల్," అన్నాడు ఇమ్రాన్. ఆ యాంప్ కోసమే ఐర్లండ్ పడమటి తీరంలోని స్లైగో నుంచి డబ్లిన్ పక్కనున్న స్వోర్డ్స్ దాకా వచ్చాడతను. "మా పబ్‌లో ఆదివారాలు ఏడుగురు కలిసి వాయిస్తారు. ఫిడేళ్లు, ఫ్లూట్లు. పోయిన వారం నేనూ ఎలక్ట్రిక్ గిటారు, పదిహేను వాట్ల యాంప్ పట్టుకెళ్లా. గంటసేపు వాయించినా ఒక్కరూ నావైపు తిరగలేదు. సౌండ్ చాల్లేదు."

"చిన్న పబ్బేగా! డ్రమ్స్ లేకపోతే పదిహేనుకే గోడలు అదురుతాయి. ఆ ఫిడేలాయనది ఎన్ని వాట్లు?"

"ఆయనకి యాంప్ లేదు."

"మిగతావాళ్లకి?"

ఇమ్రాన్ వేళ్లమీద ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. "ఎవరికీ లేదు."

"ఎక్కడ కూర్చుంటారు వాళ్లు?"

"ఒక బల్ల చుట్టూ. ఒకళ్లకొకళ్లు ఎదురుగా."

"మరి నువ్వు?"

"దూరంగా, మూల. ప్లగ్ అక్కడే ఉంది."

గురుమూర్తి యాంప్లిఫయర్‌ని మెల్లగా తనవైపు లాక్కున్నాడు.

"ఇంట్లో మామూలు గిటారు లేదా?"

"ఉంది. ఈ రెండేళ్లూ గదిలో ఒక్కణ్ణే దాంతోనే గడిపా."

"అదే పట్టుకెళ్లు. బల్ల దగ్గర చోటుంటుందా?"

ఇమ్రాన్ యాంప్ మీంచి చూపు పైకెత్తాడు.

"ఆవేళ నేను లోపలికి వెళ్లగానే ఫిడేలాయన పక్క కుర్చీ మీంచి తన కోటు తీసి ఒళ్లో పెట్టుకున్నాడంకుల్. వెళ్లిపోతున్నాడేమో అనుకున్నా."

"వెళ్లాడా?"

"లేదు. చివరిదాకా కోటు ఒళ్లోనే ఉంది. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది."